దొరసాని గిన్నె చెవి

మా బంధువుల్లో ఎవరి పుట్టినరోజు ఎప్పుడో, ఎవరి పెళ్ళికి ఎన్ని విస్తళ్ళు లేచాయో కావాలంటే నాకు ఫోను చేస్తారు. ఏలూరులో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఊరగాయ జాడీ మీద తారీకు, మందు సీసా మీద తారీకు, కొత్త చీపురు కట్ట మీద కూడా తారీకు రాసుకునే మనిషిని. "చీపురు పుట్టినరోజుకి కేకు కూడా కోస్తావా?" అని మా అక్క వెక్కిరిస్తుంది. ఇంత లెక్కల మనిషిని ఒక గిన్నె చెవి ఆదివారం దాకా ఆడించిన సంగతి ఇది. తారీకులు మాత్రం కావాలనే రాయడం లేదు. రాస్తే అక్క ఒక్కొక్కటీ తప్పంటుంది. ఆవిడకి తారీకులు గుర్తుండవు గానీ, నాకు గుర్తున్నవి తప్పని మాత్రం ఎప్పుడూ గుర్తుంటుంది.

ఆ గిన్నెని మా ఇంట్లో దొరసాని గిన్నె అంటాం. తెల్లటి పింగాణీ, అంచు చుట్టూ సన్నటి నీలం గీత, పట్టుకోవడానికి అటొకటి ఇటొకటి చెవులు, బొడిపె ఉన్న మూత. మా అమ్మమ్మ ఏలూరు మిషను బంగళాలో వంట చేసేది. దొరసాని తన దేశం వెళ్ళిపోతూ ఏదైనా తీసుకోమంటే, ఇనప మంచం వద్దని, గొడుగు వద్దని, ఈ గిన్నె అడిగి తెచ్చుకుందట. తెచ్చి అందులో పెరుగు తోడుపెట్టింది. నేను ట్రైనింగు చదివే రోజుల్లో ఏదో పుస్తకంలో అలాంటి గిన్నె బొమ్మ చూసి, సెలవులకి ఇంటికొచ్చి, పెద్ద రహస్యం కనిపెట్టినట్టు ప్రకటించాను: "అమ్మా, అది పెరుగుది కాదు, సూపు గిన్నె!" అమ్మ కూర కలుపుతూ తలైనా ఎత్తలేదు. "మీ అమ్మమ్మకి తెలీదంటావా? రోజూ దాంట్లో సూపు వడ్డించింది ఆవిడే కదా. ఆ సూపు రుచి చూశాకే పెరుగుకి వాడింది."

మా ఇంటి ఆడపిల్ల ఎవరు కొత్తగా కాపురం పెట్టినా తొలి పెరుగు ఆ గిన్నెలోనే తోడుకోవాలి. తోడు పుట్టింటి నుంచి రావాలి. కాచిన పాలు గిన్నెలో పోసి, చెవులు పట్టుకొని తెచ్చి బల్ల మీద పెట్టి, ప్రార్థన చేసుకోవాలి. పాలు గోరువెచ్చనయ్యాక ఆ ఇంటి పిల్లే తన చేత్తో తోడు వెయ్యాలి. తరవాత గిన్నె మళ్ళీ పుట్టింటికి వచ్చేస్తుంది. మా అమ్మకీ, అక్కకీ, అక్క కూతురికీ అలాగే జరిగింది. నేను పెళ్ళి చేసుకోలేదు. అయినా ఏలూరులో నాకు ఉద్యోగం వచ్చి అద్దె గది తీసుకున్న రోజున, అమ్మ తాడేపల్లిగూడెం బస్సులో ఆ గిన్నెని ఒళ్ళో పెట్టుకొని దిగింది. "మొగుడు లేకపోతే పెరుగు తోడుకోనంటుందా ఏమిటి?" అంది. తోడుకుంది. చివరి రోజుల్లో అమ్మ నా దగ్గరే ఉంది కాబట్టి గిన్నె కూడా నా దగ్గరే ఉండిపోయింది.

మొన్న సోమవారం అక్క కలిదిండి నుంచి ఫోను చేసింది. అక్కకి ఇప్పుడు ఒక చెవి వినపడదు, అందుకని రెండో చెవికి సరిపోయేలా కేకలేస్తుంది. "మన ప్రశాంతీ వాళ్ళు ఆదివారం ఏలూరులో కాపురం పెడుతున్నారే! గిన్నె దులిపి ఉంచు!" ప్రశాంతి అక్క మనవరాలు, కూతురి కూతురు. "దులపడమేంటక్కా, మరిగే నీళ్ళు పోసి కడుగుతాను," అన్నాను. "నీ శుభ్రం చల్లగుండ, మామూలు నీళ్ళు చాలవా?" "చాలవు." మర్నాడు నిజంగానే కెటిల్లో నీళ్ళు తెర్లించి గిన్నె నిండా పోసి, పైనుంచి కూడా పోసి, కాసేపాగి ఎత్తబోయాను. గిన్నె సింకులోనే ఉంది. చెవి నా చేతిలో ఉంది. విరిగిన చోట తేనెరంగు జిగురు పొర, వేడికి మెత్తబడి జిడ్డుగా మెరుస్తోంది. అది మా నాన్న పెట్టిన అతుకు. నా పళ్ళకంటే, మోకాళ్ళకంటే, నాన్నకంటే కూడా ఎక్కువ కాలం నిలిచిన అతుకుని నా శుభ్రత ఒక కెటిల్ నీళ్ళతో ఊడదీసింది.

ఒంటి చెవి గిన్నె పంపిస్తే ఎవరూ ఏమీ అనరు. అక్క ఒక్కర్తే అంటుంది, అది చాలు. నా భయం అది కూడా కాదు. పైపైన అంటించి పంపితే, ఆ పిల్ల వేడి పాలతో ఎత్తినప్పుడు అతుకు వదిలితే? పాలు కాళ్ళ మీద, గిన్నె ముక్కలు నేల మీద. అమ్మమ్మ చేతి నుంచి వచ్చింది నా చేతిలో ఆఖరవుతుంది. ఆదివారం లోపల ఆ చెవి ప్రశాంతి బరువే మోసేటంత గట్టిగా అంటుకోవాలి.

నిజానికి ఆ చెవి మొదటిసారి ఊడింది తాడేపల్లిగూడెంలో, నేను హైస్కూల్లో ఉండగా. మా ఇల్లు ముందు సగం నాన్న వర్క్‌షాపు, వెనక సగం మేం. చేలకి నీళ్ళు పెట్టే ఆయిల్ ఇంజన్లు చుట్టుపక్కల ఊళ్ళనుంచి బళ్ళ మీద వచ్చేవి. ముందు గదిలో డీజిలు, గ్రీజు, కాలిన ఇనుము వాసన. వెనక పెరట్లో పిడకల దాలి మీద పొద్దంతా కాగి ఎర్రటి మీగడ కట్టిన పాల వాసన. మధ్యలో ఒక గోనె పరదా. నాన్న ఆ పరదా దాటాలంటే ముందు కిరసనాయిలుతో చేతులు కడుక్కోవాలి, తరవాత రంపపు పొట్టుతో రుద్దుకోవాలి, తరవాత సబ్బు. అన్నీ అయ్యాక కూడా గోళ్ళు నల్లగానే ఉండేవి. భోజనం ముందు ఆయన కళ్ళు మూసుకొని ప్రార్థన చేస్తుంటే, నేను కళ్ళు తెరిచి నల్లటి గోళ్ళు లెక్కపెట్టేదాన్ని. ఎప్పుడూ పదికి పది వచ్చేవి. నాకు లెక్కల మీద నమ్మకం అక్కడే కుదిరిందనుకుంటాను.

అమ్మ లెక్క వేరు. సాయంత్రం పాలలో చిటికెనవేలు ముంచి వేడి చూసేది. వేసవిలో గోరంత తోడు, చలికాలం చెంచాడు, ముసురు పట్టినప్పుడు ఇంకొంచెం వేసి, గోనె కప్పేది. "తోడెక్కువైతే పులుస్తుంది, తక్కువైతే పాలు పాలుగానే ఉంటాయి," అనేది. ఆవిడ శాస్త్రమంతా ఆ ఒక్క వాక్యమే. ఎప్పుడూ తప్పలేదు, ఒక్కసారి తప్ప.

అక్కకి కలిదిండి సంబంధం కుదిరి, పెళ్ళి పనుల్లో గిన్నె అటక మీంచి దించుతుంటే చెవి తిరగలికి తగిలి విరిగింది. నాన్న ఊళ్ళో లేరు, గణపవరంలో ఎవరిదో ఇంజను పట్టేసిందని వెళ్ళారు. అమ్మ పరదా దాటి ముందు గదిలోకి వెళ్ళింది. నాన్న బల్ల మీద రెండు గొట్టాలు ఉండేవి, ఇంజనుకి పడిన చిన్న చిల్లి పూడ్చడానికి బెజవాడ నుంచి తెప్పించినవి. "ఆ రెండూ కలిపి పెడితే ఇనుమే అతుక్కుంటుందన్నారు మీ నాన్న. ఏం రాసుందో చదివి చెప్పవే, ఇంగ్లీషు వచ్చుగా నీకు," అంది. అట్టపెట్టె ఎప్పుడో పోయింది, గొట్టాల మీద రెండే మాటలున్నాయి. "ఒకటి రెజిన్ అమ్మా, రెండోది హార్డెనర్." "అంటే?" రెజిన్ అంటే ఏమిటో నాకూ తెలీదు. తెలీదనడం అలవాటు లేదు. "ఒకటి పాలలాంటిదమ్మా. రెండోది దాన్ని గడ్డకట్టిస్తుంది." అమ్మ మొహం వెలిగిపోయింది. "ఓస్, తోడా! ఆ మాట ముందే చెప్పొచ్చుగా!"

అప్పుడు ఎండాకాలం. అందుకని గోరంత చాలంది. మొదటి గొట్టం సగం పిండి, రెండో గొట్టంలో చీపురుపుల్ల ముంచి దానికి ముట్టించింది. కలిపి, చెవికి పూసి, గిన్నెకి అంటించి, పైన బుట్ట బోర్లించింది. "ఎవరూ కదపకండి, కదిలిస్తే తోడుకోదు," అని మమ్మల్ని ఆ వైపు రానివ్వలేదు. నాన్న తిరిగొచ్చి బుట్ట ఎత్తేసరికి చెవి నెమ్మదిగా జారి జారి గిన్నె పొట్ట మీదకి వచ్చేసింది. ఒక ఈగా, నాలుగు చీమలూ దానికి అంటుకొని ఉన్నాయి. సంగతి విని నాన్న నవ్వలేక ఇంజను మీద కూలబడ్డారు. "సుందరమ్మా, ఇది పెరుగు తోడు కాదు. దీనికి తోడు సమానంగా వెయ్యాలి. ఇదెంతో అదీ అంతే."

అమ్మకి నవ్వు రాలేదు. "సమానంగా వేసేదాన్ని తోడని ఎవరంటారండీ?" అంది.

నాన్న ఇంజను మీంచి లేచి చెవి ఊడబీకారు. అంతా గీకేసి, రేకుముక్క మీద రెండు గొట్టాల్లోంచీ రెండు గీతలు పక్కపక్కనే పిండారు. మా ఇద్దరికీ అమ్మ వేసే జడల్లా ఒకే లావు, ఒకే పొడుగు. రెండూ కలిసి ఒకే రంగయ్యేదాకా అగ్గిపుల్లతో కలిపి, అతికించి, పాత సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టారు. మర్నాటిదాకా ముట్టుకోవద్దన్నారు. "వెంటనే అంటుకునేది లేదాండీ?" అని అమ్మ అడిగితే, "తొందరగా పట్టేది తొందరగా వదుల్తుంది," అన్నారు. ఇంజను తొందరగా కావాలని వచ్చినవాళ్ళకి కూడా ఆయన ఇదే మాట చెప్పేవారు.

ఇదంతా తల్చుకుంటూ బుధవారం పొద్దున్నే చెవిని చేతిరుమాల్లో చుట్టుకొని హార్డ్‌వేరు షాపుకి వెళ్ళాను. కౌంటరు దగ్గరున్నాయన మర్యాదస్థుడు. "ఏం అంటించాలండీ?" అన్నాడు. "చెవి," అన్నాను. "ఎవరిదండీ?" అన్నాడు. రుమాలు విప్పి చూపించాక ఊపిరి పీల్చుకొని, ఒక్కొక్క జిగురూ తీసి ముందు పెట్టాడు. చుక్క వేస్తే చిటికెలో పట్టేది. అయిదు నిమిషాల్లో గట్టిపడే రెండు గొట్టాలది. రాత్రంతా ఉంచాల్సిన రెండు గొట్టాలది. పైపులకి పెట్టే మట్టిముద్దలాంటిది. "వీటిల్లో ఏది గట్టిదండీ?" "అన్నీ గట్టివేనండీ." "ఏది ఎక్కువ గట్టిది?" "ఏది తీసుకున్నా గట్టిగానే ఉంటుందండీ." నేను సంచీలోంచి భూతద్దం తీశాను. తీసి, పెట్టెల వెనక చీమ తలకాయలంత అక్షరాలు ఒక్కటీ వదలకుండా చదవడం మొదలుపెట్టాను. చిటికెలో పట్టేది తడికీ, కుదుపుకీ ఆగదు. ముద్ద బలంగానే ఉంటుంది గానీ చెవికి బొప్పి కట్టినట్టు కనపడుతుంది. ఇక అయిదు నిమిషాలదా, రాత్రంతాదా?

నా వెనక ఒక చేపల చెరువు రైతు నించున్నాడు, చెరువులో గాలి కొట్టే మిషను పైపు పగిలిందట. "మామ్మగారూ, కాస్త కానివ్వండీ. అవతల నా చేపలు నోళ్ళు తెరుచుకొని నా కోసం చూస్తున్నాయండీ," అన్నాడు. "మీరు కానివ్వండి బాబూ, నాది తేలేది కాదు," అని పక్కకి జరిగాను. ఆయన పైపు కొనుక్కొని వెళ్ళిపోయాడు, మరో ఇద్దరు వచ్చి వెళ్ళారు, నేనింకా చదువుతున్నాను. చివరికి నాన్న మాటే గెలిచింది. నెమ్మదిగా పట్టేదే కొన్నాను. దుకాణదారు "హమ్మయ్య" అన్నది పైకి కాదు గానీ నాకు వినపడింది. నా రెండు చెవులూ బాగానే పనిచేస్తాయి.

ఇంటికొచ్చి విరిగిన అంచులు గీకాను, గరుకు కాగితంతో రుద్దాను, స్పిరిటుతో తుడిచి ఆరబెట్టాను. సమానంగా వెయ్యాలి. గీతలు గీసి కంటితో చూసి సమానమనుకోవడం నాన్న కాలం నాటి మాట. నా దగ్గర గ్రాములో పదోవంతు కూడా చూపించే చిన్న కాటా ఉంది. గాలికి ముల్లు కదలకూడదని ఫ్యాను కట్టేశాను. దానికి ముల్లు లేదు, అంకెలే ఉన్నాయి, అయినా కట్టేశాను. చెమటలు కక్కుకుంటూ ఇది రెండు గ్రాములు, అది రెండు గ్రాములు తూచి, కలిపి, అంటించి, కట్టాను. గొట్టాల మీద తెరిచిన తారీకు రాశాను. ఇంత ఖచ్చితంగా ఈ జిగురుని ప్రపంచంలో ఇంకెవరూ కలిపి ఉండరని సంతోషించాను.

శుక్రవారం సాయంత్రం అక్క దిగింది. చేతిలో చిన్న స్టీలు డబ్బాలో తోడు, పెద్ద క్యారేజీలో గేదె పెరుగు, సంచీలో కొరమేను పులుసు. ఆటో దిగుతూనే, "గిన్నేదీ?" అంది. దాచడం నా వల్ల కాదని సంగతంతా చెప్పాను. అరిచి చెప్పాల్సి రావడం వల్ల పక్కింటివాళ్ళకి కూడా తెలిసింది. అక్క గిన్నె దగ్గర కూచొని, ముందు తన వినపడని చెవి తాకి చూసుకొని, "దీనికీ నాకూ జోడీ కుదిరిందే," అంది. తరవాత అతుకు మీద గోరు నొక్కింది. గోరు దిగింది. రబ్బరులా ఉంది. "ఇదేంటే, ముంజెకాయలా ఉంది!"

"ఉండదు. సమానంగా తూచాను."

"తూచావా? తూచడమెందుకు?"

భూతద్దం తీసి పెట్టె వెనక మళ్ళీ చదివాను. ఉంది. సమానం అన్నది పరిమాణంలోనట, బరువులో కాదట. దుకాణంలో కూడా చదివాను ఆ ముక్క. సమానమంటే సమానమే కదా అనుకొని దాటేశాను. గట్టిపరిచేది తేలిక, గ్రాములు సమానం చేసేసరికి అది ఎక్కువ పడింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ప్రతి కొత్త క్లాసులోనూ అడిగే మొదటి ప్రశ్న నాది: కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా? ఇనుమన్న పిల్లల్ని చూసి నవ్వి, దూది బస్తా అవుతుంది, ఇనుము పిడికెడు అవుతుంది, బరువు వేరు పరిమాణం వేరని చెప్పేదాన్ని. ఆ పిల్లలిప్పుడు ఎక్కడున్నా వరసగా వచ్చి నన్ను చూసి నవ్వుకోవచ్చు.

శనివారం పొద్దున్నే మళ్ళీ మొదలుపెట్టాం. సాయానికని ప్రశాంతి వచ్చింది. గ్యాసు వాళ్ళతో, మంచాల వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతూనే మా మాటలకి ఊఁ కొడుతోంది. అక్క ఆ పిల్లకి అమ్మ కథ చెప్పింది, ఈగా చీమలతో సహా. "మా అమ్మ గోరంత తోడేసిందే! నాన్న ఏమన్నారో తెలుసా? తోడు సమానంగా వెయ్యాలి, ఇదెంతో అదీ అంతే!" నేను పాత అంతా గీకుతుంటే, అక్క అట్టముక్క మీద రెండు గీతలు పిండింది. "ఎడం జడ లావైందక్కా," అన్నాను. "కుడి వైపు చూడు, పొట్టిగా ఉంది. సమానం, సమానం." "నువ్వు నోరు మూసుకో, కూతురికీ మనవరాలికీ జడలు వేసిన చెయ్యి నాది." ఒకే రంగయ్యేదాకా కలిపి, అతికించి, కట్టాం. సైకిలు ట్యూబు దొరక్క నా బీపీ చూసుకునే పట్టీ వాడాం. ఆ రోజుకి నాకు బీపీ చూసుకోకపోవడమే మంచిదైంది.

ఆదివారం సాయంత్రానికి గోరు దిగలేదు. గిన్నెలో నీళ్ళు పోసి, కింద పరుపు వేసి, చెవులు పట్టుకొని పదే పదే ఎత్తి చూశాను. "పాలు పొయ్యకముందే అరగదీస్తావే దాన్ని," అని అక్క లాక్కుంది. ప్రశాంతీ వాళ్ళ అద్దె ఇంట్లో పాలు కాగాయి. గిన్నెలో పోశారు. నేను వంటింటి గుమ్మం దగ్గర, కింద పడితే ఏ దిక్కుకి చిందుతాయో అంచనా కట్టుకుంటూ నించున్నాను. ప్రశాంతి చెయ్యి చాచబోయి, "సుధీర్, ఇటు రా, వేడిగా ఉంది," అని మొగుణ్ణి పిలిచింది. అతను వచ్చి అతికించిన చెవి పట్టుకున్నాడు, ఆ పిల్ల రెండో చెవి పట్టుకుంది. ఇద్దరూ పక్కపక్కగా, పీతల్లా అడ్డంగా అడుగులేసుకుంటూ బల్ల దాకా తెచ్చారు. మా ఇంట్లో ఆ గిన్నె ఎప్పుడూ ఒక్కరే మొయ్యడం చూశాను. నాన్న మంచివారే. గోనె పరదా దాటి వచ్చి అతికించారు గానీ, మొయ్యాలని ఆయనకీ తోచలేదు, మొయ్యమనాలని అమ్మకీ తోచలేదు. చెవి కదల్లేదు. అక్క ప్రార్థన చేసింది. నేను కళ్ళు తెరిచి అతుకే చూస్తున్నాను. పాలు చల్లారాక తోడు వేసుకోమని చెప్పి, పెరుగు క్యారేజీ కూడా వాళ్ళకే వదిలి, మేం ఇంటికొచ్చేశాం.

సోమవారం పొద్దున్నే ఫోను. "చిన్నమ్మమ్మా, పెరుగు అదోలా ఉందండీ. పైన నీళ్ళు తేలాయి, ఒకటే పులుపు."

"తోడెంత వేశావమ్మా?"

"మీరు చెప్పినంతేనండీ."

"నేనెప్పుడు చెప్పాను?"

"శనివారమంతా చెప్పారుగా, సమానం, ఇదెంతో అదీ అంతే అని! నాకూ డౌటొచ్చిందండీ. కానీ లెక్కల టీచరుగారు తప్పు చెప్తారా అనుకున్నాను. చిన్న డబ్బాది చాలక క్యారేజీ మొత్తం పోసేశాను."

అక్కకి ఆవిడ మంచి చెవి వైపు కూచొని చెప్పాను. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "అమ్మ తక్కువేసింది, నువ్వెక్కువేశావు, ఇది సమానంగా వేసింది! మన ఇంట్లో తోడెంతో తెలిసిన ఆడది పుట్టనే లేదే!" నవ్వాగాక అడిగింది, "ఇంతకీ చెవి?"

చెవి బాగానే ఉంది. ఇద్దరూ చెరో పక్కా పట్టుకొని గిన్నెని మళ్ళీ వంటింట్లోకి మోసుకెళ్ళారట. ఆ పెరుగు పారబొయ్యకుండా సుధీర్ మజ్జిగ పులుసు పెట్టాడట. చాలా బాగుందని ప్రశాంతి చెప్పింది. ఉప్పెంత వేశాడో నేను అడగలేదు.